అమ్మకో పాటలపెట్టె కొనాలి!

చేతిలో ఫోనుంటే లోకంలోని పాటలన్నీ జేబులో ఉన్నట్టే అనుకుంటాం. కానీ ఆ ఫోన్లో ఒక్క పాట పెట్టుకోవడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఎన్ని తిప్పలు పడుతున్నారో ఎప్పుడైనా గమనించారా? పాటలు మాత్రమే వినిపించే చిన్న పరికరం, అదీ చౌకలో... దానికోసం మూడు వారాలు తిరిగితే తెలిసిన సంగతులివి.

‘‘ఒరేయ్, ఈ ఫోను నాకొద్దురా. మన పాత టేప్‌రికార్డరు లాంటిది ఏమన్నా దొరుకుతుందేమో చూడు.’’

తెనాలి నుంచి అమ్మ ఫోన్. ఏమైందమ్మా అంటే పెద్ద చిట్టా విప్పింది. పొద్దున్నే సుప్రభాతం పెట్టుకుంటే ముందు ఎవరో వచ్చి సబ్బు గురించి చెబుతారట. తీరా మొదలయ్యాక, లోను కావాలా మేడమ్ అంటూ ఫోన్. అది పెట్టేసేసరికి సుప్రభాతం ఎటు పోయిందో తెలీదు. వెతుకుదామని వేలు పెడితే ఇంకేదో వీడియో గంతులేస్తుంది. కళ్లజోడు పక్కనలేకపోతే ఇక అంతే. ‘‘ఓ పాట వినడానికి ఇన్ని పరీక్షలు పాసవ్వాలా?’’ అంది విసుగ్గా.

నాన్న పోయి ఏడాదిన్నర. అరవై ఆరేళ్ల అమ్మ ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. హైదరాబాద్ వచ్చెయ్యమంటే వినదు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఇల్లు మరీ చప్పుడు లేకుండా ఉంటోందని ఓసారి మాటల మధ్యలో అని, వెంటనే కూరగాయల ధరల్లోకి వెళ్లిపోయింది. ఆ మాట నాకు గుర్తుండిపోయింది. అందుకే ఆ ఆదివారమే బజారుకు బయల్దేరా. బడ్జెట్టు రెండు వేలు. అరగంట పని అనుకున్నా.

ఐపాడ్ లేదు సార్!

అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో ఓ కుర్రాణ్ని ‘ఎంపీ3 ప్లేయర్ ఉందా?’ అనడిగితే, డైనోసార్ గుడ్డు ఉందా అని అడిగినట్టు చూశాడు. ‘ఐపాడ్ టైపా సార్? అవి ఆగిపోయాయిగా!’ అన్నాడు. నిజమే. 2001 అక్టోబరులో వచ్చిన ఐపాడ్‌ని యాపిల్ సంస్థ 2022 మే నెలలో ఆపేసింది. సోనీ వాక్‌మన్ పేరుతో డిజిటల్ ప్లేయర్లు ఉన్నాయిగానీ, వాటి ధర మన రెండు వేలకి చాలా దూరం.

అసలు ఈ జేబు సంగీతానికి పునాది పడింది 1979 జులైలో. సోనీ తొలి వాక్‌మన్‌ని జపాన్‌లో 33 వేల యెన్‌లకు అమ్మింది. (అమ్మానాన్నల పెళ్లీ ఆ ఏడాదే. ఈ సంగతితో తర్వాత పనుంది.) జేబులో పట్టే ఎంపీ3 ప్లేయర్లు 1998లో వచ్చాయి. ముందు కొరియా వాళ్ల ఎంపీమ్యాన్, ఆ ఏడాదే అమెరికాలో డైమండ్ రియో. రియోలో ఉన్న చోటెంతో తెలుసా? 32 ఎంబీ. అంటే అరగంట పాటలు! దాని ధర రెండు వందల డాలర్లు. ఇప్పుడు ఫుట్‌పాత్ మీద దొరికే అనామక ప్లేయరు కూడా దానికి వెయ్యిరెట్లు పాటలు మోస్తుంది. కాబట్టి చౌకవాటిలో ఎంత పడుతుందన్నది అసలు సమస్యే కాదు. అది నాకు రూ. 350 పోశాకగానీ తెలిసిరాలేదు.

మొదటి పొరపాటు

అగ్గిపెట్టంత ఉంది. చొక్కాకి తగిలించుకునే క్లిప్పు. మెమరీ కార్డు పెట్టుకునే చోటు. తెర లేదు. అయిదు బుల్లి మీటలు. ముద్దొచ్చి కొనేశా. రెండొందల పాటలు ఎక్కించి తెనాలి తీసుకెళ్లా.

అమ్మ దాన్ని అటూఇటూ తిప్పి చూసింది. ‘బావుంది’ అంది. అంటే బాగాలేదని అర్థం. అయిదు మీటల్లో ఏది ముందుకో ఏది వెనక్కో కంటికి ఆనదు. వేలు పెడితే ఒకేసారి రెండు నొక్కుకుంటాయి. దానికి సొంత స్పీకరు లేదు, ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాల్సిందే. చెవుల్లో అవి పెట్టుకుంటే వీధి తలుపు కొట్టినా, కుక్కరు కూతేసినా వినపడదు. ఒంటరిగా ఉండే మనిషికి అదెంత ఇబ్బందో నాకు తట్టనేలేదు.

అన్నిటికన్నా ఘోరం మర్నాడు తెల్లారుజామున జరిగింది. సుప్రభాతం అవ్వగానే విష్ణు సహస్రనామం వస్తుందని కళ్లు మూసుకుని కూర్చుంటే... ఐటెం సాంగ్ వచ్చింది! అమ్మ ఉలిక్కిపడింది. నేను తలొంచుకున్నా.

ఇలా ఎందుకవుతుందంటే, చౌక ప్లేయర్లు చాలావరకు పాటల పేర్లను అక్షరక్రమంలో చూడవు. కార్డులోకి ఏది ముందు ఎక్కిందో దాన్నే ముందు పాడతాయి. మనం కంప్యూటర్లో పాటలన్నీ గుత్తగా ఎంచి ఒకేసారి కాపీ చేస్తాం. అవి ఏ వరసలో ఎక్కాయో మనకి తెలీదు. తెలుగు అక్షరాల్లో పేర్లు పెడితే తెరున్న ప్లేయర్లలోనూ చాలాసార్లు డబ్బాలో, ప్రశ్నార్థకాలో కనిపిస్తాయి. అందుకే పేరుకి ముందు 001, 002 అంటూ అంకెలు తగిలించాలి. కార్డుని ఖాళీ చేసి ఫార్మాట్ చెయ్యాలి. ఆ తర్వాత అంకెల వరసలో, వీలైతే కొద్దికొద్దిగా ఎక్కించాలి. గంట పనే. కానీ తెల్లారుజామున పరువు దక్కుతుంది.

మరో తిరకాసు ప్రవచనాలతో వచ్చింది. అమ్మ గంటన్నర ప్రవచనాన్ని మూడు విడతలుగా వింటుంది. మధ్యలో ఆపి, మళ్లీ నొక్కితే ఆగిన చోటు నుంచే మొదలవ్వాలి. చాలా చౌక ప్లేయర్లకి ఆ గుర్తుండదు, మొదట్నుంచీ అందుకుంటాయి. కాబట్టి దుకాణంలోనే ఓ పని చెయ్యండి. ఏదో పాట సగం విని, పూర్తిగా ఆపేసి, మళ్లీ ఆన్ చేసి చూడండి. పెట్టె మీద పది గుణగణాలు రాసుంటాయిగానీ ఇది మాత్రం రాయరు.

అంకెలకి పడిపోవద్దు

‘64 జీబీ సపోర్టు’, ‘వెయ్యి పాటలు’, ‘ఎంపీ4’... పెట్టెల నిండా ఇవే. లెక్క చాలా తేలిక. మామూలు నాణ్యతలో, అంటే 128 కేబీపీఎస్‌లో నిమిషం పాటకి సుమారు ఒక ఎంబీ. అయిదు నిమిషాల పాట అయిదు ఎంబీ. 8 జీబీ కార్డులో పదిహేను వందల పాటలు నిక్షేపంగా పడతాయి. ఇంకా మెరుగైన 320 కేబీపీఎస్ కావాలంటే పాటకి పన్నెండు ఎంబీ. అయినా ఆరొందలకు పైనే. ఇన్ని వినేదెప్పుడు? పైగా చాలా పాత, చౌక పరికరాలు 32 జీబీ దాటిన కార్డుల్ని చదవలేవు. 64, ఆపై కార్డులు వేరే పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి కాబట్టి, పెట్టగానే గుడ్లప్పగిస్తాయి. 8 లేదా 16 జీబీ కార్డు, తెలిసిన కంపెనీది, బిల్లుతో కొనుక్కోవడం మేలు.

బిల్లు అని ఎందుకన్నానంటే... రెండొందలకే 128 జీబీ అంటూ అమ్మే కార్డుల్లో నకిలీలుంటాయి. లోపల నిజంగా ఉండేది నాలుగో ఎనిమిదో జీబీలు. కంప్యూటర్‌కి మాత్రం 128 అని చెప్పేలా మాయ చేస్తారు. పాటలన్నీ ఎక్కినట్టే కనిపిస్తాయి. తీరా నొక్కితే సగం పలకవు. అనుమానముంటే కొన్నరోజే కార్డుని నిండా నింపి, చివర్లో ఎక్కిన పాటలు మోగుతున్నాయో లేదో చూస్తే బండారం బయటపడుతుంది. అలాగని 32 జీబీ కార్డు కంప్యూటర్లో 29 చిల్లర చూపిస్తే కంగారుపడొద్దు. అది మోసం కాదు. పెట్టె మీద వెయ్యితో, కంప్యూటర్లో 1,024తో లెక్కేస్తారు, అంతే తేడా.

ఎంపీ4 గొడవ ఇంకా తమాషా. ఒకప్పుడు చైనా నుంచి వచ్చిన ‘ఎంపీ4 ప్లేయర్ల’లో చాలావాటికి అసలు ఎంపీ4 ఫైళ్లే ఆడేవి కావు! వేరే రకంలోకి మార్చి పెట్టుకుంటేనే బొమ్మ వచ్చేది. ఎంపీ3 కన్నా పెద్దదని చెప్పడానికి తగిలించిన పేరది.

ఛార్జింగు పెట్టే రంధ్రం కూడా చూడాలి. టైప్-సీ అయితే ఇంట్లో ఉన్న ఏ తీగైనా సరిపోతుంది. నా రూ. 350 ప్లేయరుకి పాతకాలం మినీ యూఎస్‌బీ తీగ కావాలి. అది పోతే ప్లేయరు పోయినట్టే.

సిమ్ లేని ఫోను

రెండో ప్రయత్నం చిన్న ఉపాయం. కీప్యాడ్ ఫోన్ కొని, అందులో సిమ్ వెయ్యకుండా ఇస్తే? లోను కావాలా అనే అమ్మాయి బాధ ఉండదు. ప్రకటనలు రావు. పెద్ద మీటలు, స్పీకరు, ఎఫ్ఎం, టార్చి, పైగా మార్చుకోగలిగే బ్యాటరీ. పక్కింటాయన దగ్గరున్నది అడిగి తెచ్చి రెండ్రోజులు అమ్మకిచ్చా. పర్వాలేదంది. కానీ పాట పెట్టాలంటే మెనూలోకి, అందులోంచి సంగీతంలోకి, అక్కణ్నుంచి జాబితాలోకి... నాలుగు గుమ్మాలు దాటాలి. ఓసారి వెనక్కొచ్చేస్తే దారి తప్పిపోతోంది. మీ ఇంట్లోవాళ్లకి మెనూల అలవాటుంటే మాత్రం ఇంత తక్కువలో ఇంతకన్నా మంచిది దొరకడం కష్టం. అయితే అన్ని కీప్యాడ్ ఫోన్లలోనూ మెమరీ కార్డు పెట్టుకునే చోటుండదు. వెనక మూత తీసి చూసుకున్నాకే డబ్బులివ్వండి. ఎఫ్ఎం కూడా కొన్నింట్లో ఇయర్‌ఫోన్ తగిలిస్తేగానీ పలకదు. ఆ తీగే వాటికి యాంటెనా.

ఈలోపు మా ఆవిడ కారవాన్ సంగతి గుర్తుచేసింది. 2017లో సరిగమ సంస్థ పాత ట్రాన్సిస్టర్ రూపంలో, ముందే అయిదు వేల పాటలు నింపి తెచ్చిన పెట్టె. మొదట్లో దాని ధర రూ. 5,990. తర్వాత తెలుగు పాటలతోనూ వచ్చింది. మంచి వస్తువే. పెద్దవాళ్లకి కానుకగా ఎంతోమంది కొన్నారు. కాకపోతే మన బడ్జెట్టుకి మూడింతలు. అదీగాక, అమ్మకి కావాల్సిన ఒక గొంతు దాని అయిదు వేల పాటల్లో ఉండదు.

గూట్లో క్యాసెట్

నాన్న రైల్వేలో గుమాస్తా. తెనాలివాడు కదా, పద్యనాటకాల పిచ్చి ఉండేది. స్టేజీ ఎక్కింది తక్కువే, ఇంట్లో రాగం తీసింది ఎక్కువ. 1994 సంక్రాంతికి టూ-ఇన్-వన్ టేప్‌రికార్డరు ముందు కూర్చుని నాలుగు పద్యాలు పాడి రికార్డు చేశారు. అరవై నిమిషాల క్యాసెట్. దేవుడి గూట్లో, అగరొత్తుల పెట్టె వెనక ఉండేది. టేప్‌రికార్డరు పాడై పదేళ్లు దాటింది. నాన్న పోయాక అమ్మ ఆ క్యాసెట్ని చీర మడతల్లోకి మార్చింది. అది విందామని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. టేప్‌రికార్డరు లాంటిది చూడమని ఎందుకందో నాకు అప్పుడు వెలిగింది.

మీ ఇంట్లోనూ ఇలాంటివి ఉంటే ఆలస్యం చెయ్యకండి. టేపు మీది అయస్కాంతపు పూత ఏళ్లు గడిచేకొద్దీ దెబ్బతింటుంది. ముందు క్యాసెట్ పైఅంచున ఉండే రెండు చిన్న పలకల్ని విరిచేయండి. పొరపాటున రికార్డు మీట నొక్కినా ఉన్నది చెరిగిపోదు. చాలాకాలం తిరగని టేపుని ఒకసారి ఆ చివరిదాకా, మళ్లీ ఈ చివరిదాకా చుట్టించాకే వినాలి. టేప్‌రికార్డరు తలని దూది పుల్లతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవాలి. తర్వాత ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కి తీగ కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసుకోవచ్చు. అడ్డదారి లేదు. గంట క్యాసెట్‌కి గంటా కూర్చోవాల్సిందే. అసలు ప్రతిని వేవ్ ఫైలుగా దాచుకుని, ప్లేయరు కోసం ఎంపీ3గా మరొకటి చేసుకోవాలి. బుసబుసలు తీసేద్దామని సాఫ్ట్‌వేర్‌లో మరీ గట్టిగా తోమితే మనిషి గొంతు కూడా డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది. నేను ఓసారి తోమి, భయపడి, మళ్లీ పాతదే ఉంచా.

ఓ స్నేహితుడి టేప్‌రికార్డరు అరువు తెచ్చి రాత్రి పదకొండింటికి ఈ పని చేశా. మధ్యలో టేపు ఓసారి నలిగి అరిచింది. ప్రాణం లేచిపోయింది. పెన్సిలు దూర్చి నెమ్మదిగా చుడితే దారికొచ్చింది.

మిగతా పాటలు ఎక్కణ్నుంచి అంటారా? ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పాటల యాప్‌లలో ‘డౌన్‌లోడ్’ చేసుకున్నవి తీసి కార్డులో పెట్టుకోలేం. అవి ఆ యాప్‌లోనే పలుకుతాయి, అదీ చందా ఉన్నన్నాళ్లే. 2024లో వింక్ మ్యూజిక్ మూతపడినప్పుడు అందులో పేర్చుకున్న జాబితాలకు కొత్త ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చింది. అదే 2012లో ఫ్లిప్‌కార్ట్ ‘ఫ్లైట్’ పేరుతో పాటలు విడిగా అమ్మింది. 2013 జూన్‌లో అదీ మూతపడిందిగానీ, అప్పుడు కొని కంప్యూటర్లో దాచుకున్న ఎంపీ3లు ఇప్పటికీ మోగుతాయి. మా ఇంట్లో అటక మీది సీడీలే నూటయాభై పాటలిచ్చాయి. ఐట్యూన్స్ స్టోర్లో కొంటే అవి ఎం4ఏ రకంలో వస్తాయి. చౌక ప్లేయర్లు వాటిని చదవకపోవచ్చు, ఎంపీ3లోకి మార్చుకోవాలి. వీధి చివర దుకాణంలో యాభైకి కార్డు నింపించుకోవడం చట్టప్రకారం తప్పు. దాన్నలా ఉంచినా, పిండేసిన ఫైళ్లలో ఘంటసాల గొంతు కూడా జలుబు చేసినట్టుంటుంది.

చివరికి కొన్నది

అరచేతిలో పట్టే ఎఫ్ఎం స్పీకరు. మెమరీ కార్డు, పెన్‌డ్రైవు పెట్టుకోవచ్చు. లాగితే పొడుగయ్యే యాంటెనా. ముందువైపు సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెల మీటలు. 12 నొక్కితే పన్నెండో పాట. మెనూ లేదు, జాబితా లేదు. లోపల బ్యాటరీ బీఎల్-5సీ, పాత నోకియా ఫోన్లలో వాడిందే. ఎప్పుడు పోయినా ఏ మొబైల్ దుకాణంలోనైనా అడిగి మార్చుకోవచ్చు. వేల రూపాయల స్పీకర్లలో కూడా బ్యాటరీ పోతే పెట్టె మొత్తం పారెయ్యాల్సి వస్తున్న రోజుల్లో ఇది నాకు భలే నచ్చింది. ధర రూ. 850. కార్డుతో కలిపి పన్నెండొందలు. లోపాలూ ఉన్నాయి. శబ్దం బాగా పెంచితే బొంగురుపోతుంది. ప్లాస్టిక్ నాసిరకం. గంభీరమైన మృదంగం వినాలనుకునేవాళ్లకి నేను దీన్ని చచ్చినా సిఫార్సు చెయ్యను.

మొదట కొన్న అగ్గిపెట్టె వృథా కాలేదులెండి. ఇంటర్ చదివే మా అక్క కూతురు ఎగరేసుకుపోయింది. వాళ్ల హాస్టల్లో ఫోన్లు కుదరవు. దానికి ఇంటర్నెట్ లేదు, వాట్సప్ లేదు, కాబట్టి అక్కకీ అభ్యంతరం లేదు. ఒక్కటే షరతు పెట్టాం, వాల్యూమ్ సగం దాటకూడదని. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ శబ్దం వారానికి నలభై గంటలే సురక్షితం. పిల్లలకైతే 75. చౌక ప్లేయర్లలో ‘శబ్దం ఎక్కువైంది’ అని హెచ్చరించే ఏర్పాటు ఉండదు. పక్కన కూర్చున్నవాళ్లకి పాట వినిపిస్తోందంటే ఎక్కువైనట్టే.

అమ్మ కోసం ఓ పాత నోటు పుస్తకంలో పెద్ద అక్షరాలతో జాబితా రాశా. 1 సుప్రభాతం. 2 విష్ణు సహస్రనామం. 10 నుంచి అన్నమయ్య కీర్తనలు. 30 నుంచి పాత సినిమా పాటలు. ప్రవచనాల్ని కంప్యూటర్లో అరగంట ముక్కలుగా కోసి 90 నుంచి పెట్టా. ఆగిన చోటు గుర్తుపెట్టుకునే బాధ దానికీ తప్పింది, అమ్మకీ తప్పింది. 79 దగ్గర ఏమీ రాయకుండా వదిలేశా.

‘‘ఇదేంట్రా, ఒకటి ఖాళీగా ఉంది?’’

‘‘నొక్కి చూడు.’’

కాసేపు గరగర. ఎవరో గొంతు సవరించుకున్నారు. అమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. నాన్న రాగం ఎత్తుకున్నారు. పద్యం చివర పాదానికొచ్చేసరికి టేపులో వెనక ఎక్కడో ఓ ఆరేళ్ల పిల్లాడి ఏడుపు. అది నేనే. ఆ వెంటనే వంటింట్లోంచి పడుచు గొంతు ఒకటి గట్టిగా, ‘‘ఏమండీ, ఆ రాగం తర్వాత తీద్దురుగాని, ముందు పిల్లాణ్ని పట్టుకోండి, పాలు పొంగుతున్నాయి!’’ అంది.

అమ్మ గబుక్కున నా వైపు చూసింది. ‘‘ఆ గొంతు నాదేనా?’’

అవునన్నా. నవ్వాలో ఏం చెయ్యాలో తెలీనట్టు కొంగుతో మూతి తుడుచుకుంది. పద్యం అయిపోయి 80వ పాట అందుకుంది. అమ్మ దాన్ని ఆపి, కళ్లజోడు పెట్టుకోకుండానే మీటల్ని వేళ్లతో తడిమి, ముందు ఏడు, తర్వాత తొమ్మిది నొక్కింది.